మోటార్ సౌండ్ అని పంపాను

మా ఇంటిది నా పొట్ట చూసి, ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు అదొక్కటే అనుకుంటుంది. బోరులోంచి మోటార్ లాగేటప్పుడు చైన్ పుల్లీ అక్కర్లేదని, తాడుకు ఈ చివర నన్ను కట్టి వేలాడదీస్తే ఆ చివర మోటార్ దానంతటదే పైకొస్తుందని మా వాళ్లు అంటారు. నేనూ అంటాను. వాళ్లకంటే ముందే అంటాను. నన్ను నేను ముందే అనేసుకుంటే ఇంకొకరికి అనడానికి ఏమీ మిగలదు కదా. ఈ ఒక్క తెలివి ఎనిమిదో తరగతిలో వచ్చింది. ఇంకో తెలివి వచ్చేలా లేదని ఆ ఏడే బడి మానేశాను.

బరువు పొట్ట కాదు. ఇంకొకటి ఉంది. ఐదారేళ్ల నుంచి ఉంది. తింటుంటే ఉంటుంది, బండి నడుపుతుంటే ఉంటుంది, పదిమందిని నవ్విస్తున్నప్పుడైతే మరీ ఎక్కువగా ఉంటుంది. ఒకసారి నోటితో చెప్పి చూశాను. అదేమైందో తర్వాత చెబుతాను. నోటితో కాదని తెలిశాకే రాయడానికి కూర్చున్నాను. రాయడం నాకు అలవాటు లేని పని. వంకరటింకరగా ఉంటే సర్దుకుని చదవండి. పేరు మాత్రం అడగకండి.

మాది మేడ్చల్. బోరు మోటార్ల పని నాది. దించడం, లాగడం, కాలిపోతే వైండింగ్‌కు ఇవ్వడం. ఈ పనిలో ఒక చిక్కు ఉంది. రోగి కనబడడు. మోటార్ ఎక్కడో భూమి అడుగున ఉంటుంది, మనం పైన ఉంటాం. దాని బాధేమిటో శబ్దాన్ని బట్టే తెలుసుకోవాలి. అందుకని మా మెకానిక్‌లందరం ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరికైనా అర్థం కాని మోటార్ తగిలితే, ఫోన్‌ను పైపు మూతి దగ్గర పట్టుకుని ఆ శబ్దాన్ని రికార్డు చేసి గ్రూపులో పడేస్తారు. ‘ఏమైంది దీనికి, సౌండ్ విని చెప్పండి’ అని అడుగుతారు. మిగతావాళ్లు ఉన్నచోటి నుంచే విని చెబుతారు. బుష్ అరిగిందని ఒకరు, ఫేజ్ పోయిందని ఒకరు, నీళ్లు లేక గాలి తాగుతోందని ఒకరు. పది చెవులు కలిస్తే తప్పు చెప్పడం తక్కువ.

పని గ్రూపులో పనికిరాని మాటలు ఎక్కువయ్యాయని, నడిపే శ్రీశైలం ఒకరోజు కోప్పడ్డాడు. శ్రీశైలానిది మచ్చ బొల్లారం, మాలో అందరికంటే నెమ్మదైనవాడు. ఆ నెమ్మదైనవాడికే కోపం వచ్చిందంటే అందులో నా వాటా ఎంతో మీరే ఊహించుకోండి. ముచ్చట్ల కోసం వేరే గ్రూపు తెరిచి, దానికి ‘పనికిరాని ముచ్చట్లు’ అనే పేరు పెట్టాడు. దానికి ఒకటే నియమం. రాయకూడదు, మాట్లాడాలి. మాలో సగం మందికి రాయడం కష్టం, మిగతా సగం మందికి ఎప్పుడు చూసినా చేతుల నిండా గ్రీజు. ఎవరైనా పొరపాటున రాస్తే ఒక పాట పాడి పంపాలి. పాట భయానికి ఎవరూ రాసేవారు కాదు.

ఆ గ్రూపు ఎంత బాగుండేదో ఎలా చెప్పను? పొద్దున లేస్తే ఎవరింట్లో ఏం కూర, ఎవరి ఊళ్లో వాన, ఎవరి బర్రె ఈనింది, ఎవరి బావమరిది అలిగి పెళ్లి పందిట్లోంచి లేచి పోయాడు. ఒక్కరికీ పని లేదు ఆ మాటలతో. అయినా బోరు దగ్గర మట్టిలో కూర్చుని, ఫోన్ చెవికి పెట్టుకుని, ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. చాలామందిమి ఒకరి ముఖం ఒకరం చూడలేదు. గొంతులే మాకు ముఖాలు.

ఆ గొంతుల్లో మొదట నాదే పెద్దది. అందరినీ వెక్కిరించేవాణ్ని. ఒకరి దగ్గును, ఒకరి ముక్కును, ఒకరు ‘అంటె ఏందంటె’ అని పదిసార్లు అనడాన్ని. వాళ్లూ నవ్వేవారు. నవ్వారు కాబట్టి వాళ్లకు బాగానే ఉందనుకునేవాణ్ని. నిజంగా అనుకునేవాణ్నా? ఏమో. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటాననే భయంతో కొందరు నవ్వేవారని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పుడు సత్తయ్య వచ్చాడు.

శామీర్‌పేటలో చెరువు కట్టకు దగ్గరగా వైండింగ్ షెడ్డు ఉన్నాయన. నాకంటే పెద్ద. సత్తన్న అనేవాళ్లం. రోజూ పొద్దున ఒక ముచ్చట పంపేవాడు. “శామీర్‌పేట నుంచి సత్తయ్య, అందరికి నమస్తే” అని మొదలుపెట్టేవాడు. తర్వాత ఒక చిన్న సంగతి. చెరువులో సగం మునిగిన స్టార్టర్ డబ్బా మీద ఒక కొంగ నిలబడి, కరెంటు ఎప్పుడొస్తుందా అని చూస్తోందని. దూలపల్లిలో మోటార్ లాగితే పైపుతో పాటు ఒక కప్ప ప్రాణంతో పైకొచ్చి, వెలుతురు చూసి మళ్లీ బోరులోకే దూకిందని. చివర్లో ఎవరో ఒకరిని పేరు పెట్టి పలకరించేవాడు, మోకాలు ఎట్లుంది, మీ అవ్వ జరం తగ్గిందా అని. ఒక్క మాట తడబడేది కాదు. ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. బుర్రకథ దళంలో పనిచేసి ఉంటాడని నేనే ఒక పుకారు పుట్టించాను. అందరూ నమ్మారు. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తేవాడు కాదు. మోటార్ చప్పుడులో ఉన్నానని తర్వాత గొంతు పంపేవాడు. మా పనిలో అది వింత కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నా జోకుకు నవ్వు వచ్చేది. సత్తన్న ముచ్చటకు జవాబు వచ్చేది. ఈ రెండింటికీ తేడా ఉందని నాకు తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. తెలిశాక నిద్ర తగ్గింది. ఒకసారి నేను చాలా కష్టపడి ఒక జోకు తయారుచేసి పంపితే, శ్రీశైలం ఏ పాపం ఎరగకుండా, నీది తర్వాత వింటాలే, ముందు సత్తన్నది వినాలి అన్నాడు. మామూలు మాట. దాన్ని నేను ముల్లులా కాలిలోనే ఉంచుకుని నడిచాను. తీసి పారేస్తే పోయేది. తీయబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఆ రోజు గురించి.

శ్రీశైలానికి పెళ్లయిన చాలా ఏళ్లకు ఆడపిల్ల పుట్టింది. పొద్దున్నే ఆ సంగతి చెబుతూ ఏడ్చేశాడు. అందరూ తలా ఒక దీవెన పంపాలని, పిల్ల పెద్దయ్యాక వినిపిస్తానని అన్నాడు. దీవెనలు వరసగా వస్తున్నాయి. నేనూ ఒకటి పంపాను, తండ్రి ముక్కు రాకుంటే చాలు అని. సత్తన్నది ఇంకా రాలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. సత్తన్న ఏం చెబుతాడో చూద్దాం అని ఒకరిద్దరు అన్నారు కూడా.

ఆ రోజు నాకు ఒక పాత మోటార్‌కు బుష్ కావాల్సి వచ్చింది. మేడ్చల్‌లో దొరకలేదు. శామీర్‌పేటలో సత్తన్న షెడ్డులో పాత సామాను ఉంటుందని తెలుసు. చెప్పకుండా పోయి ఆటపట్టిద్దామనుకున్నాను. హెల్మెట్ తీయకుండా, ఎవరో గిరాకీలా పోయి, బుష్ ధర దగ్గర కాసేపు సతాయించి, చివర్లో ముఖం చూపిద్దామని. అంతవరకు నా మనసులో విషం లేదు. ఇది నమ్మండి. నమ్మకపోయినా నేనేం చేయలేను.

షెడ్డు ముందు భాగంలో సత్తన్న బావమరిది మల్లేశం కాయిల్ చుడుతున్నాడు. నేను నోరు తెరవకముందే, బావ వెనకాల ఉన్నాడు, అటు పొమ్మని చేత్తో చూపించాడు. మధ్యలో రేకు అడ్డం. దాని దగ్గరికి పోయేసరికి లోపల నుంచి మాట వినిపించింది.

“శామీర్‌పేట నుంచి” అంది గొంతు. ఆగింది. తర్వాతి మాటలో మొదటి అక్షరం వచ్చింది. అదే అక్షరం మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చింది. మాట రాలేదు. ఫోన్‌లో రికార్డు చెరిపేసిన చిన్న టప్పు. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే.

ఎవరో సత్తన్నను వెక్కిరిస్తున్నారని, అది కూడా చేతకాకుండా వెక్కిరిస్తున్నారని అనుకున్నాను మొదట. రేకు సందులోంచి చూశాను. ఆయన ఒక్కడే. బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. తన పేరు తానే చెప్పలేకపోతున్నాడు. మాట రాని ప్రతిసారీ మెడ నరం ఉబ్బేది. చెరిపేసేవాడు. ఊపిరి తీసుకునేవాడు. మొదలుపెట్టేవాడు.

అప్పుడు అర్థమైంది. ఫోన్ ఎందుకు ఎత్తడో. రోజూ పొద్దున మేము వినే ఆ ఒక్క నున్నటి మాట వెనక ఎన్ని చెరిపేసిన మాటలు ఉన్నాయో. ఈ ప్రపంచంలో ఆయన తడబడకుండా మాట్లాడగలిగిన చోటు ఒక్కటే, మా గ్రూపు. ఇంట్లో కాదు, బజారులో కాదు. ఆ పనికిరాని ముచ్చట్లలోనే ఆయన అందరిలాంటి మనిషి. అందరికంటే ఒక మెట్టు పైన ఉన్న మనిషి.

ఇదంతా నాకు ఆ రేకు దగ్గర నిలబడి ఉండగానే తెలిసింది. తెలియక చేశానని చెప్పుకునే దారి లేదు. తెలిసిన మరుక్షణం నేను చేసిన పని, జేబులోంచి ఫోన్ తీసి రేకు సందుకు ఆనించడం.

నాకు కావాల్సినంత దొరికింది. వచ్చేశాను. బయటికి వస్తుంటే మల్లేశం, దొరకలేదా అన్నా అని అడిగాడు. నేను తలే ఊపాను. మాట్లాడితే గొంతు గుర్తుపడతాడని. బావ ఫోన్‌లో రోజూ నా జోకులు వినేవాడే కదా. గొంతు దాచుకున్నానంటే, ఏం చేయబోతున్నానో నాకు అప్పటికే తెలుసన్నమాట. ఏదో ఆవేశంలో చేశానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ తల ఊపడం గుర్తొచ్చి ప్రతిసారీ ఆగిపోయాను.

నా దగ్గర రెండో నంబరు ఒకటి ఉండేది. ఎప్పుడైనా ఆడ గొంతుతో అందరినీ ఏడిపిద్దామని ఆ నంబరును ముందే గ్రూపులో చేర్చి ఉంచాను. పేరు లేదు, ఫొటో లేదు. చెరువు కట్ట మీద బండి ఆపి, ఆ నంబరు నుంచి సత్తన్న గొంతును పంపాను. రాయకూడని గ్రూపులో ఒక్క లైను రాశాను. ‘ఏమైంది ఈ మోటార్‌కు? సౌండ్ విని చెప్పండి.’

చేతులు వణకలేదు. అది కూడా చెప్పాలి.

శబ్దం వింటే రోగం చెప్పడం మా వాళ్లకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. అడిగింది ఎవరని చూడరు. రేకు సందులోంచి పట్టిన గొంతు కాబట్టి గరగరలాడుతూ, సగం మాటలా, సగం యంత్రంలా ఉంది. మొదటివాడు కెపాసిటర్ వీక్ అన్నాడు. రెండోవాడు ఫేజ్ కట్ అయింది, స్టార్ట్ తీసుకుంటలేదు అన్నాడు. ఎవరో, ఇది ఇగ లేవదు, లాగి పక్కన పడేయ్ అన్నాడు. ఇంకొకడికి అది మనిషని తెలిసిపోయి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని మిగతావాళ్లు మళ్లీ విని, వాళ్లూ నవ్వారు. కట్ట మీద బండి స్టాండు వేసి, ఒక్కొక్క జవాబు విన్నాను. నా జన్మలో ఏ జోకూ అంత బాగా పండలేదు.

అప్పుడు శ్రీశైలం గొంతు వచ్చింది. “గిది... గిది మన సత్తన్న గాదూ?” అంతే అన్నాడు.

కాసేపటికి సత్తయ్య గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు ఒక చిన్న లైను కనిపించింది. గొంతు లేని లైను. ఆయన ఆ గ్రూపులో పెట్టిన ఒకే ఒక్క రాత అదే.

ఇక్కడితో అయిపోయి ఉంటే, ఒక్క పాపం అనుకునేవాణ్ని. నేను అక్కడ ఆగే రకం కాదు. రెండో నంబరును బయటికి తీసేసి, నా సొంత నంబరు నుంచి, నా సొంత గొంతుతో, అందరికంటే గట్టిగా తిట్టాను. సిగ్గుండాలి, అన్నం తింటున్నాడా వాడు, దొరికితే బోరులోకి దించేద్దాం అన్నాను. తిట్టి, చివర్లో మెల్లగా ఒక ప్రశ్న వేశాను. షెడ్డు లోపలి దాకా పోయి రికార్డు చేయగలిగినోడు ఎవడుంటాడు, బయటోడికి ఎట్లా సాధ్యం అని. ప్రశ్నే. పేరు చెప్పలేదు. పేరు వాళ్లే వెతుక్కున్నారు. సాయంత్రానికి అందరి నోటా మల్లేశం.

మల్లేశం మొత్తుకున్నాడట. ఎవరో హెల్మెట్ పెట్టుకున్న మనిషి వచ్చాడని, ఏమీ కొనకుండా, ఏమీ మాట్లాడకుండా పోయాడని. నిజం. అక్షరాలా నిజం. కానీ వినండి, అది ఎంత అబద్ధంలా ఉందో. ఆ మాట గ్రూపు దాకా వచ్చినప్పుడు నేను ఊరుకున్నా సరిపోయేది. ‘హెల్మెట్ దయ్యం’ అని పేరు పెట్టాను. శామీర్‌పేట కట్ట మీద హెల్మెట్ దయ్యం తిరుగుతాంది, మోటార్లు జాగ్రత్త అని గొంతు మార్చి పంపాను. నవ్వులు. ఆ తర్వాత మల్లేశం ఎక్కడ ఏం చెప్పబోయినా, ఆ నవ్వే ఎదురొచ్చింది.

మల్లేశం అక్క, అంటే సత్తన్న భార్య, వాణ్ని ఇంట్లోంచి పొమ్మంది. పొట్ట కోసం కాదు, పరాచికం కోసం మొగుణ్ని బజారుకు ఈడ్చిన తమ్ముడు తనకు లేడంది. వాడు నాగారం పోయి ఎవరి షాపులోనో కూలికి కుదిరాడు. ఆ ఏడు రాఖీకి వస్తే తలుపు తీయలేదని విన్నాను. మరుసటి ఏడు రాలేదు. సత్తన్న సంగతి సామాను తెచ్చేవాళ్ల ద్వారా తెలిసేది. ఇప్పుడు అసలే మాట్లాడడని, గిరాకీ వస్తే భార్య మాట్లాడుతుందని, ఏదైనా చెప్పాల్సి వస్తే షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాస్తాడని. ఇంతకుముందు తడబడుతూనైనా మాట్లాడేవాడట. నేను చెడగొట్టింది ఫోన్‌లోని గొంతు ఒక్కటే అనుకున్నాను. మనిషి గొంతునే తీసేశాను.

ఎందుకు చేశాను? అసూయ అంటే తొందరగా తేలిపోతుంది. అసూయే, కానీ అంతేనా? ఇంకేదో ఉంది. నేను చిన్నప్పటి నుంచి నోటితోనే బతికాను. చదువు లేదు, రూపం లేదు, మాట ఉంది. మాట నాకు ఊరికే వచ్చింది, తుమ్ము వచ్చినట్టు. ఆ మనిషి ఒక్కొక్క మాటను బోరులోంచి మోటార్ లాగినట్టు లాగుతున్నాడు. అలా లాగిన మాట నా మాటకంటే బాగుంది. అది చూశాక, ఇన్నాళ్లూ నా దగ్గర ఏదో ఉందనుకున్నది ఒట్టి చప్పుడని తెలిసింది. అది భరించలేకపోయానేమో. ఏమో అంటున్నాను. ఇప్పటికీ ఇది కూడా అందంగా చెప్పుకుంటున్నానేమో అనే అనుమానం ఉంది.

ఏళ్లు గడిచాయి. గ్రూపు నడుస్తూనే ఉంది. ఈ మధ్య శ్రీశైలం బిడ్డను బడిలో వేశారు. పిల్ల తన పేరు, నాయిన పేరు, ఊరి పేరు గడగడా చెబుతుంటే రికార్డు చేసి పంపాడు. అందరూ మురిసిపోయారు. ఆ వెనక శ్రీశైలం ఇంకో మాట పంపాడు. బిడ్డ పుట్టిననాడు వచ్చిన దీవెనలన్నీ దాచిపెట్టానని, ప్రతి పుట్టినరోజుకూ వినిపిస్తానని. “అందరియి ఉన్నయ్. సత్తన్నది ఒక్కటే రాలే” అన్నాడు.

అప్పుడు నేను దూలపల్లిలో ఒక బోరు దగ్గర ఉన్నాను. పని వదిలేసి, పైపుల మీద కూర్చుని, మొత్తం చెప్పేశాను. నా సొంత గొంతుతో. రేకు, ఫోన్, రెండో నంబరు, హెల్మెట్, మల్లేశం, అన్నీ. పంపి, ఫోన్ పక్కన పెట్టి, చచ్చినవాడిలా కూర్చున్నాను.

నవ్వులు వచ్చాయి.

వరసగా వచ్చాయి. యాక్టింగ్ మస్తుందన్నా, ఏడుపు ఒక్కటే జర తక్కువైంది అని ఒకడు. హెల్మెట్ దయ్యం మళ్లొచ్చిందిరో అని ఒకడు. కాదురా, నిజం అని మళ్లీ పంపాను. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. ఒక్క శ్రీశైలం మాత్రం నవ్వలేదు, ఇట్లాంటి వాటి మీద జోకులు వద్దు తమ్మి అని మందలించాడు. నమ్మింది అతను కూడా కాదు. నా నోటితో నేను ఏం చెప్పినా అది ఇక మాట కాదని ఆ రోజు తెలిసింది.

ఫోన్‌లో కాకుండా మనిషి ఎదురుగా నిలబడి చెప్పాలనుకున్నాను. ముందు నాగారం పోయాను. మల్లేశం షాపు ముందు స్టార్టర్ విప్పుకుని కూర్చున్నాడు. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. నేనెవరో, ఏం చేశానో చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను కూడా. వాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టి, ఒకటే అడిగాడు.

“హెల్మెట్ ఏం రంగు?”

“ఎర్రది.”

“ఎర్రదే. వెనకాల గీత పడ్డది.” కాసేపు రోడ్డు వైపు చూశాడు. “అక్కకు నేను గిదే జెప్పిన. గీతతోని సహా జెప్పిన.”

మళ్లీ స్టార్టర్ అందుకున్నాడు. నేను ఇంకా ఏదో అనబోతే, పని ఉంది అన్నా, పో అన్నాడు. అన్నా అన్నాడు. ఆ పిలుపు తిట్టులా తగులుతుందని నాకు తెలియదు.

అక్కడి నుంచి శామీర్‌పేట పోయాను. ఈసారి హెల్మెట్ బయటే తీసి, చేత్తో పట్టుకుని లోపలికి పోయాను. సత్తన్న నీళ్ల డ్రమ్ములో మోటార్ దించి నడిపి చూస్తున్నాడు. భార్య పక్కన కూర్చుని వైర్లకు టేపు చుడుతోంది. మోటార్ ఆపేదాకా నిలబడి, తర్వాత చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా అందంగా చెప్పలేదు. చెబుతున్నంతసేపూ ఆమె నా చేతిలోని హెల్మెట్‌నే చూసింది. అయిపోయాక లేచి, నన్ను ఒక్క మాట అనకుండా, తలుపు వెనక తగిలించిన సంచిలోంచి ఫోన్ తీసుకుని బయటికి పోయింది. రోడ్డు మీద ఆమె గొంతు, మల్లేశా, మల్లేశా అని రెండుసార్లు వినిపించింది. తర్వాత ఏడుపో, మాటో తెలియలేదు.

నేనూ సత్తన్నా మిగిలాం. నాకు తేలికైంది. చెప్పకూడదు గానీ అయింది. నా వల్ల ఇద్దరు మనుషుల బతుకు ఇలా అయిందని తెలిసి, అందులో ఒకరి ముందే నిలబడి, లోపల ఎక్కడో గాలి ఆడినట్టు అనిపించింది. అంత సిగ్గులేని తేలిక ఇంకోటి ఉండదు. క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన జవాబు చెప్పాల్సి వస్తుంది, జవాబు చెప్పడం ఆయనకు ఎంత పనో నాకు తెలుసు. తిట్టన్నా, కొట్టన్నా అని మాత్రం అన్నాను.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. మాట అడ్డం పడింది. నాకు అలవాటు కదా, ఆ మాటేదో నేనే అందించబోయాను. అరచెయ్యి ఎత్తి ఆపాడు. ఆగాను. అంతసేపు నోరు మూసుకుని ఒక మనిషి మాట కోసం నిలబడడం నా జన్మలో అదే మొదలు. ఎక్కడెక్కడ ఆగాడో, ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టాడో ఇక్కడ రాయను. ఒకసారి ఊరందరికీ వినిపించాను, అది చాలు. ఆయన అన్నది మాత్రం ఇది.

“ఆఖరిదాంక ఉండకపోతివి తమ్మి. గా దినం నా పేరు జెప్పిన, బిడ్డకు దీవెన గూడ జెప్పిన. మంచిగ వచ్చింది. పంపుదామని చూసేసరికి నీది వచ్చింది.”